ఊకపొయ్యి మీద దీవెన

బిలాస్‌పూర్ పక్కన కోనిలో, 2009 ఎండాకాలం. భూమి వేడెక్కకుండా చూసే కొత్త కంపెనీలకు సాయమిచ్చే సంస్థ గదిలో, ఒక కుర్రాడు బల్ల మీద ఊకపొయ్యి పెట్టి, పక్కన దాని బొమ్మ గీసిన కాగితం పరిచాడు. బొమ్మ మూలనున్న చేతిరాత చూడగానే సాయం ఎవరికివ్వాలో తేల్చడానికి ఎదురుగా కూర్చున్న ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. అయినా నవ్వింది.

“ఏటి బాబూ, ఈ మూల తెలుగులో ఏదో రాసుంది?”

“అచ్ఛా, మీరు మనోళ్ళేనా మేడమ్! నాకు తెలుగు చదవడం రాదు. అది మా తాతగారు రాసిచ్చిన దీవెన. అందుకే చెరపలేదు.”

“పొయ్యి కనిపెట్టింది నువ్వేనా?”

“నేనే మేడమ్. మూడేళ్ళు పట్టింది.”

“రైల్వే డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా చేసిన పైడిరాజు గారు తెలుసా?”

“తెలుసు మేడమ్... క్వార్టర్‌కి వెళ్తే టీ ఇచ్చేవారు.”

“టీ తాగి, బొమ్మల కట్ట కూడా ఎత్తుకుపోయావు. ఈ పొయ్యితో పేపర్లో నీ ఫోటో చూసిన కాణ్ణుంచి మా నాన్న మరి పెన్సిల్ ముట్టుకోలేదు.”

“మేడమ్, అది...”

“ఆయన ఏటి రాశారో చదువుతాను, విను. ‘ఇది తప్పింది. గాలి ఆడదు, మంట మొహం మీదికి తంతుంది. చింపేయాలి.’ ఎప్పుడైనా వెలిగించి చూశావా?”

“లేదు మేడమ్. సాయం అందాక...”

కుర్రాడి కుర్చీ పొయ్యికి దూరంగా జరిగింది. ఆవిడ సొరుగులోంచి అగ్గిపెట్టె తీసి అతని ముందుకి తోసింది.

“భయమేటి బాబూ? తాతగారి దీవెన ఉంది కదా. వెలిగించు.”