గుంభనం గారు తిన్న రెండు మిఠాయిలు

పందొమ్మిది వందల తొంభై ఒకటి, జూన్ మూడవ తేదీన మన పిండాభివృద్ధి పరిశోధన విభాగంలో సాంకేతిక సహాయకులుగా చేరి, నేడు పదవీ విరమణ చేస్తున్న పెద్దలను అసలు పేరుతో పిలిస్తే వారే పలకరు గనుక, అందరి నోటా నానిన ‘గుంభనం గారు’ అన్న బిరుదుతోనే ప్రస్తుతించడానికి అనుమతి కోరుతున్నాను.

గోరంతైనా లేని ఎలుక పిండపు కాలేయాన్ని ఉల్లిపొరకన్నా పలుచగా కోసి గాజు పలకలపై అమర్చడం వారి విద్య. ఏ పలక ఏ పిండానిదో తెలిస్తే లెక్కించేవారి కళ్లు తమకు కావలసిందే చూస్తాయని, పలకలకు అంకెలు మాత్రమే వేసి, అసలు వివరాల చీటీని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఈ అలవాటు ఇంటికీ పాకి, ఉప్పు, పంచదార డబ్బాల మీద కూడా అంకెలే వెలిశాయి.

“పొద్దున్నే కాఫీలో ఏం పడుతోందో నాకే తెలీదమ్మా! అడిగితే, ముందు రుచి చూసి రాసిపెట్టు, తర్వాత చెప్తానంటారు” అని వారి శ్రీమతి మా ఎదుటే మొరపెట్టుకున్నారు.

రెండు వేల నాలుగులో నేను పరిశోధక విద్యార్థినిగా చేరాను. కణంలో కబుర్లు చేరవేసే ఒక ఎంజైము లేకపోతే పిండంలో కాలేయం ఎదగదని నా వాదన. నా పట్టా అంతా దాని మీదే ఆధారపడింది. ఆ ఎంజైము ఉన్న పిండాలవీ, లేనివీ కలగలిసిన పలకల్లో సగం చూసేసరికి కొన్ని చిన్న కాలేయాలు కనిపించాయి. ఇక ఆగలేకపోయాను.

“ఒక్కటంటే ఒక్క అంకె చెప్పండి, బాబాయ్ గారూ!”

“మా ఆవిడకే చెప్పనివాణ్ణి, నీకు చెప్తానా? మిగతావి లెక్కపెట్టమ్మా.”

ఆ చిన్నవన్నీ ఎంజైము లేనివేనని నాకు నేనే తీర్మానించుకుని, విభాగమంతటికీ మిఠాయి పంచాను. గుంభనం గారు నిర్వికారంగా రెండు తిన్నారు.

లెక్క పూర్తయ్యాక చీటీ తెరిచారు. చిన్నవి రెండు రకాల్లోనూ ఉన్నాయి; ఎంజైము లేని కాలేయాలూ మిగతావాటిలాగే నిక్షేపంగా ఎదిగాయి! మూడేళ్ల శ్రమ నీరుగారిపోయిందని బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

“అన్నీ తెలిసి ఆ స్వీట్లు ఎలా తిన్నారండీ?”

“తినకపోతే నీకు తెలిసిపోదూ?” అని, చీటీ మడుస్తూ, “అది లేకపోయినా పని ఆగలేదంటే ఇంకేదో చేస్తున్నట్టే కదమ్మా. అదేంటో వెతుకు” అన్నారు.

వెతికాను. తోడు ఎంజైము ఒకటి దొరికింది. రెండూ లేని పిండాల్లో కాలేయం ఎదుగుదల నిజంగానే ఆగిపోయింది. నాకు పట్టా వచ్చింది.

ఒకటి లేకపోతే ఆ పనిని మరొకటి అందుకుంటుందని ఎలుక పిండాలు నాకు నేర్పాయి. మీ విషయంలో మాత్రం ఆ మరొకరు ఎవరో వెతకడానికి నాకు మనసొప్పడం లేదు, బాబాయ్ గారూ.

కాలేయం మొదలు సకల అవయవాలూ చల్లగా ఉండి, కాఫీలో ఇకనైనా పంచదారే పడుతూ, మీరు దంపతులిద్దరూ నిండు నూరేళ్లు ఆరోగ్యంతో వర్ధిల్లాలి. ఈ సాయంత్రం మీ వీడ్కోలు సభలో నేనూ నిర్వికారంగా రెండు మిఠాయిలు తింటాను. తినకపోతే మీకు తెలిసిపోదూ?