నది దాటిన రేడియేటర్

శనివారం ఉదయం తొమ్మిదీ నలభైకి యాదీరా తడి దుప్పట్లు రెండూ డ్రయ్యర్‌లో వేసి తలుపు మూసింది. బ్రాంక్స్‌లోని ఆ ఆరంతస్తుల భవనంలో సెల్లార్‌లోని లాండ్రీ గది ఒక్కటే వెచ్చగా ఉంది. అది భవనమంతటికీ వేడి పంపాల్సిన బాయిలర్ పుణ్యం కాదు, తిరుగుతున్న నాలుగు డ్రయ్యర్ల పుణ్యం.

ఆమె ఆ భవనంలోకి వచ్చి మూడు వారాలైంది. ఇళ్లను వెచ్చబరిచే ఇనప రేడియేటర్లలో వేడి ఆగిపోయి తొమ్మిది రోజులైంది. మూడో అంతస్తులో ఆమె తండ్రి ఉన్నాడు. న్యుమోనియాతో ఆస్పత్రిలో ఉండి కిందటి వారమే ఇంటికొచ్చాడు. డాక్టరు రాసిచ్చిన కాగితంలో మందుల పేర్లకంటే పైన, ‘వెచ్చటి గది’ అని ఉంది. ఓనరును చూసినవాళ్లు లేరు. అద్దె కాగితం మీద ఒక కంపెనీ పేరుంది, ఆ నంబరుకు ఫోన్ చేస్తే సంగీతం వస్తుంది. నిన్న సాయంత్రం ఆమె సిటీ ఆఫీసుకు ఫిర్యాదు చేసింది. ఇన్‌స్పెక్టర్ వస్తాడన్నారు, ఎప్పుడో చెప్పలేదు. ఈ భవనంలో ఇదివరకు ఓనరుతో తలపడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, అడిగిన ప్రతివాళ్లూ ఒకే పేరు చెప్పారు.

ఆ పేరు గల మనిషి ఇప్పుడు వాషింగ్ మెషీన్‌కు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అందరూ గౌరవంగా దోన్ ఎలాదియో అంటారు. డెబ్బై ఒక్క ఏళ్లు, నాలుగో అంతస్తు, సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. పక్కన బల్ల దగ్గర దోన్యా ఒబ్దూలియా దుప్పటి మూలలు కలిపి మడతపెడుతోంది. ఆవిడ నలభై ఏళ్లుగా ఆ భవనంలోనే ఉంటోంది.

ఓనరుతో ఎలా వేగాలో చెప్పమని యాదీరా అడిగింది. రాసుకోవడానికి ఫోన్ తెరిచి పట్టుకుంది.

“నేను పెద్దగా చేసిందేమీ లేదమ్మాయీ, పోయిన జనవరిలో వేడి ఆగితే ఫోన్ చేశాను, అంతే. ఒకసారి చేశాను, రెండోసారి చేశాను, నలభయ్యోసారికి వాళ్ల సంగీతం నాకు కంఠతా వచ్చేసింది. ఆ పాటకే మా ఆవిడా నేనూ వంటింట్లో డాన్సు చేశాం, చెయ్యకపోతే నిలబడ్డచోటే బిగుసుకుపోయేవాళ్లం. ఎంత చలి అనుకున్నావు? కాఫీ కప్పులోకి వంచితే ధార మధ్యలోనే గడ్డకట్టి కర్రలా నిలబడింది, దాన్ని విరుచుకుని చెరో ముక్కా చప్పరించాం.”

ఏ నంబరుకు చేశారని ఆమె అడిగింది. నంబర్లదేముంది అన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు. ఆమె ‘నలభై సార్లు ఫోన్’ అని రాసుకుంది.

“ఇక లాభం లేదని రెంచి పట్టుకుని రేడియేటర్ ఊడబీకాను. నీ ఇనుము నువ్వే ఉంచుకో అని ఓనరు మొహానే చెబుదామని భుజానికెత్తుకున్నాను.”

“ఓనరు ఎక్కడుంటాడో మీకెలా తెలిసింది?” అంది యాదీరా. ఆమెకు అన్నిటికంటే ముందు కావలసింది అదే.

“ముప్పై ఏళ్లు బస్సు నడిపాను, నాకు తెలియని ఇల్లుందా? నది అవతల, న్యూజెర్సీలో. రేడియేటర్‌తో బస్సెక్కనివ్వరు గనక వంతెన మీద నడక మొదలెట్టాను. సగం దూరం వెళ్లానో లేదో, కింద ఏమైందో చెప్పుకో. నా భుజం మీది చల్లదనానికి హడ్సన్ నది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు గడ్డకట్టింది, ఓడలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఇంకా వంతెనెందుకని కిందికి దిగి నది మీదే నడిచాను.”

“పోయినసారి వంతెన మీదే వెళ్లానన్నావు,” అంది ఒబ్దూలియా మడత ఆపకుండా.

“పోయేటప్పుడు నది. వచ్చేటప్పుడు వంతెన.”

ఓనరు ఇంట్లో స్నానాల గదులే పదకొండని చెప్పాడు. రేడియేటర్‌ను తీసుకెళ్లి ఆ ఇంటి హాలు నడుమ దించాడట. పది నిమిషాల్లో దీపాలకు మంచు వేలాడింది, పెరట్లో ఈతకొలను బిగిసింది, ఓనరు భార్య కిటికీ తెరలు పీకి కప్పుకుంది. గత్యంతరం లేక ఓనరు తన కంపెనీకే ఫోన్ చేశాడట, సంగీతం వచ్చిందట. నలభై సార్లూ అదే సంగీతం వినేసరికి మనిషి ఏడ్చాడట.

“ఆ తర్వాతి సంగతి నన్ను కాదు, ఈ గోడల్ని అడుగు. తెల్లారేసరికి ఓనరు కొత్త బాయిలర్‌ని వీపున మోసుకుంటూ వచ్చాడు, వెనకనుంచి నేను దారి చెబుతున్నాను, ఎడమకి తిప్పు, కుడికి తిప్పు అని. అంటించగానే కప్పు మీది మంచంతా కరిగి ఆరంతస్తుల మీంచి వానలా దిగింది. కిటికీలన్నీ తెరిచినా ఉండలేకపోయాం, వీధి వీధంతా చొక్కాలు విప్పేసింది. ఆరో అంతస్తులో పూలకుండీలోంచి అరటిచెట్టు లేచి గెల వేసింది, ఫిబ్రవరిలో. దక్షిణానికి వలసపోయిన పక్షులు కబురు తెలిసి వెనక్కొచ్చి మా కప్పు మీద వాలాయి.”

యాదీరా ఫోన్ చూసుకుంది. నలభై సార్లు ఫోన్. రెంచి. న్యూజెర్సీ. నది అలా గడ్డకట్టదనీ, ఫిబ్రవరిలో అరటి గెల వెయ్యదనీ ఆమెకు తెలుసు. అవి తీసేస్తే మిగిలేదేమిటో తెలియడం లేదు. ఫోన్ చెయ్యడం నిజమైతే రెంచి కూడా నిజమేనా? బాయిలర్ మారిందా? మారితే ఇప్పుడెందుకు ఆగింది? ఏదో ఒకటి జరక్కపోతే భవనమంతా ఈయన పేరే ఎందుకు చెబుతుంది?

“దోన్ ఎలాదియో, ఒక్కటి చెప్పండి. పోయినేడు ఇన్‌స్పెక్టర్ వచ్చాడా?”

అంతసేపట్లో మొదటిసారి ఆయన తడుముకున్నాడు. “వచ్చాడు. రాకేం. గుమ్మంలో అడుగు పెడుతూనే నాకు సెల్యూట్ కొట్టి...”

ఒబ్దూలియా దుప్పటి బల్ల మీద పెట్టేసింది. “ఎలాదియో, ఈ అమ్మాయి తండ్రికి ఒంట్లో బాగాలేదు. ఇక చాలు.” తర్వాత యాదీరా వైపు తిరిగింది. “వచ్చాడమ్మా, అంతవరకూ నిజం. మాటకారి కదా అని బిల్డింగు తరఫున ఇతని ఇల్లే చూపించాం. మనిషి వస్తున్నాడని ఇతను పొద్దున్నుంచీ ఓవెన్ తలుపు తీసి వెలిగించి పెట్టాడు. నాలుగు బర్నర్ల మీదా ఏవో ఉడికించాడు. వచ్చినాయన చెమట తుడుచుకుంటూ థర్మామీటర్ పెట్టాడు. చట్టం అడిగిన వేడికంటే నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంది. ఇల్లు వెచ్చగానే ఉందని రాసుకుని వెళ్లిపోయాడు, ఫిర్యాదు మూసేశారు. ఏప్రిల్ దాకా అందరం కోట్లతో పడుకున్నాం. ఇతని పేరు చెప్పింది అందుకే, ఇతను చేసింది నువ్వు చెయ్యకూడదని.”

డ్రయ్యర్లు తిరుగుతున్నాయి. ఎలాదియో తన చేతుల వంక చూసుకున్నాడు.

“ఇంటికొచ్చిన మనిషిని చలిలో ఎలా కూర్చోబెడతాం?” అన్నాడు.

యాదీరా అప్పటికే మెట్ల దగ్గరుంది. పైన ఆమె ఓవెన్ ఉదయం ఆరు నుంచీ వెలుగుతోంది. దాని ముందు కుర్చీలో తండ్రి ఉన్నాడు.

ఆమె ఓవెన్ ఆపి తన కోటు తీసి ఆయనకు కప్పింది. ఎందుకు ఆపావని తండ్రి అడిగాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ఇల్లు చల్లగా ఉంటేనే తర్వాత వెచ్చబడుతుందని చెప్పింది. ఆయనకు అర్థం కాలేదు. పైకి చెప్పేసరికి ఆమెకూ సరిగా అర్థం కాలేదు. పన్నెండు దాటింది, ఎవరూ రాలేదు. రెండు గంటలకు తండ్రికి దగ్గు మొదలై ఎంతకీ ఆగలేదు. ఆమె మళ్లీ ఓవెన్ వెలిగించింది.

ఇన్‌స్పెక్టర్ ఆదివారం ఉదయం పదకొండుకు వచ్చాడు. ఓవెన్ సంగతి, తండ్రి సంగతి ఆమె దాచకుండా చెప్పింది. అతను మర్యాదగా విని, థర్మామీటర్ చూసి, చట్టం ప్రకారం ఈ ఇంట్లో లోపం లేదన్నాడు. అతను వెళ్లాక ఆమె చాలాసేపు తలుపు దగ్గరే నిలబడింది. తనేం చేసి ఉండాల్సిందో ఎంత ఆలోచించినా తేలలేదు.

బుధవారం మధ్యాహ్నం రేడియేటర్ బుసకొట్టింది. తండ్రి దాని మీద అరచెయ్యి పెట్టి తీసెయ్యకుండా అలాగే ఉంచాడు. వేడి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. శుక్రవారం, భవనం చూసుకునే అనీబల్ కింద తలుపు దగ్గర సిటీ పంపిన కాగితం అంటిస్తుంటే ఆగి చదివింది. ఓనరు తప్పు నమోదైంది నాలుగో అంతస్తులో, ఎలాదియో ఇంట్లో. చట్టం అడిగిన దానికి పద్దెనిమిది డిగ్రీలు తక్కువ. ఆదివారం ఇన్‌స్పెక్టర్ మెట్లు దిగబోతుంటే ఆయనే ఆపి పైకి తీసుకెళ్లాడనీ, భార్యను శనివారమే చెల్లెలింటికి పంపేశాడనీ, ఆ మధ్యాహ్నం నుంచి ఆ ఇంట్లో అగ్గిపుల్ల కూడా గియ్యలేదనీ అనీబల్ చెప్పాడు.