డెడ్ స్టాక్

ఎప్పుడూ పైకి అనలేదు గానీ, మా బాబాయి కోతలంటే నాకు భయం. అన్నీ అబద్ధాలైతే నవ్వేసి ఊరుకోవచ్చు. ప్రతి కోతలోనూ ఒక ముక్క నిజం దాక్కుని ఉంటుంది. అదేదో తేలేసరికి ఆలస్యమైపోతుంది.

బాబాయి సర్కారు పరిశోధనశాలలో స్టోర్‌కీపరు. దాన్నిప్పుడు తెగులు మందులమ్మే ప్రైవేటు కంపెనీకి అప్పగించేశారు. ఈ సాయంత్రం టీ కొట్టు దగ్గర అందుకున్నాడు.

"గోడలు కొనుక్కున్నారు, సరే. సరుకో? మా ఆవిడ పెంచిన క్రిములున్నాయే, పంటకు తెగులు పట్టకుండా కాపు కాసేవి, అవి దక్కనిస్తానా? కంపెనీ వాళ్లు చూడ్డానికి రాకముందే ఫ్రిజ్ మీద స్టిక్కర్ మార్చేశా. ఏమని? 'డెడ్ స్టాక్'! విరిగిన కుర్చీలకు వేస్తామే, అది. దాన్ని చూసి పక్క గదికి పోయారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ల పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, క్రిములెక్కడున్నాయో చెప్పండయ్యా అని ఒకటే ఏడుపు. ఆ కన్నీళ్లకి గచ్చు తడిసి ఊడ్చే ఆవిడ జారిపడింది!"

"అబ్బో," అన్నాడు టీ కొట్టాయన.

"అసలవి నా మాటే వింటాయి. పడుకోండర్రా అంటే పడుకుంటాయి. చివరికి ల్యాబ్ మొత్తం మడిచి టిఫిన్ డబ్బాలో పెట్టి గేటు దాటించేశా. గార్డు చూసి, 'కూరేంటి సార్?' అన్నాడు."

"మూత పట్టిందా?" అన్నాడో ఆటో డ్రైవరు.

"కాస్త నొక్కాల్సొచ్చింది."

అందరూ నవ్వారు. బెంచీ చివర కూర్చున్న పాతసామాన్లాయన మాత్రం గ్లాసు కింద పెట్టాడు.

"అన్నా, ఆ ఫ్రిజ్ మూల గదిలోదేనా? డెడ్ స్టాక్ అని ఉన్నవన్నీ పొద్దున్నే ఎత్తుకుపొమ్మన్నారు నన్ను. ఫ్రిజ్ ప్లగ్గు పీకించి ఉంచుతామన్నారు."

నవ్వులు ఇంకా పెరిగాయి. బాబాయి ఖాళీ గ్లాసు నోటికి పెట్టుకున్నాడు.

"ఏదో నవ్వులాటకన్నాలే," అన్నాడు.

తన కోతను తానే అబద్ధమనడం నేను వినడం ఇదే మొదటిసారి.

"స్టిక్కర్ మార్చమని ఎవరన్నారు బాబాయ్?" అనడిగాను.

"నీకెందుకే?" అని రోడ్డు వైపు తిరిగాడు. అప్పుడు కనిపించింది, జేబులో కంపెనీ కొత్త గుర్తింపు కార్డు. అక్కడ సైంటిస్టుగా చేసే పిన్నికే ఇంకా ఇవ్వలేదది.

ఇది ఆయన అతితెలివో, కంపెనీ వాళ్లు చేయించిన పనో నాకు తెలీదు. పిన్ని పైరు చూడ్డానికని వేరే ఊరెళ్లింది. చెబితే ఆయన ముఖం మళ్లీ చూడదు. చెప్పకపోతే, ఆవిడ వచ్చేసరికి ఫ్రిజ్ వేడెక్కి క్రిములన్నీ చచ్చి ఉంటాయి.

నన్ను పెంచింది ఇద్దరూ. కానీ నాతో ఎన్నడూ కోతలు కొయ్యనిది పిన్ని ఒక్కతే. ఆవిడకే ఫోన్ చేస్తాను.