రెండు క్షేమాలు

మిల్లులో మంటలు ఆరి గంటయినా, గుమాస్తా కూర్చున్న ఆఫీసు కిటికీ ముందు నుంచి ఆ తల్లి కాలు కదపలేదు.

"పొద్దున లోపలికెళ్ళింది నలభై ఎనిమిది మంది. క్షేమం నలభై ఒకటి, గాయాలు ఆరు అంటున్నావు. ఆ మిగిలిన ఒక్కరూ నా కూతురేగా?"

"కంప్యూటర్ చెప్పిందే చెప్తున్నా, మా ఇంట్లోంచి తెచ్చానా? పక్కకి జరగమ్మా."

"జరగను. అడుగుదాకా చదువు."

"అడుగున... మళ్ళీ క్షేమం, ఒకటి."

"ఒకే మాటకి రెండు వరసలేంటి?"

"రెండోదాంట్లో మాట చివర ఖాళీ, స్పేస్ పడింది. కంప్యూటర్‌కి అది వేరే మాట, వేరేగా లెక్కేసింది."

"టైపు కొట్టిందెవరు?"

"నేనే."

"నీ వేలు జారితే నా కూతురికి పాడె కట్టేశాను కదయ్యా మనసులో. పేరు చదువు."

గుమాస్తా గొణుక్కుంటూ చదివాడు. అది కూతురికి ఆమె పెట్టుకున్న పేరే.