చింతచెట్టు తొర్రకు కాపుగా నిలిచిన శివశంకర్ గారు

2001 జూన్ 4వ తేదీన, హైటెక్ సిటీలో మన సంస్థ భవనానికి పునాదులు తవ్వుతున్న రోజుల్లో, నార్సింగి వాస్తవ్యులు, జంతుశాస్త్ర పట్టభద్రులు శ్రీ శివశంకర్ గారు ఉద్యాన పర్యవేక్షకులుగా విధుల్లో చేరారు. ప్రాంగణంలోని పాత చింతచెట్టును గొడ్డలి వేటు నుంచి తప్పించినది వారే. అందుకోసం ప్రహరీగోడను సైతం పక్కకు జరిపించారు.

ఆ చెట్టు మాను చీలిన చోట ఒక తొర్ర ఉండేది. వానలకు అందులో నీరు నిలిస్తే చెట్టుకప్పలు గుడ్ల కోసం నురగగూళ్లు కట్టేవి. ఊడిన బెరడు కింద సాలీళ్లు, బల్లులు, లోపలి పగులులో గుప్పిట్లో ఇమిడే గబ్బిలాలు కాపురముండేవి. విభాగాధిపతిగా పదోన్నతి పొందిన తర్వాత కూడా, భోజనం కాగానే నిచ్చెన వేసుకుని వాటిని పలకరించి రావడం వారు మానలేదు.

కొన్నేళ్ల కిందట, ఉద్యోగుల పసిపిల్లలను చూసుకునే మన క్రెష్‌లోని పిల్లలకు డెంగీ సోకింది. సహోద్యోగిని యశస్విని గారి పాప ఆసుపత్రి పాలైంది. దోమలు తొర్రలోనే పుడుతున్నాయని నిర్ణయించేసిన పరిపాలనాధికారి భీమేశ్వరరావు గారు, దాన్ని సిమెంటుతో పూడ్చమన్నారు.

“ఒక్క పూట ఆగుండ్రి సార్. నీళ్లు నేనే తోడేస్త. జర లోపలున్న జీవాలను తియ్యనియ్యుండ్రి,” అని శివశంకర్ గారు వేడుకున్నారు.

“పిల్లలు జ్వరంతో పడి ఉంటే మీకు కప్పల గొడవేంటండీ?”

పక్కనే కన్నీళ్లతో నిలబడ్డ యశస్విని గారిని చూసి శివశంకర్ గారు మరి వాదించలేకపోయారు. మేస్త్రీ సిమెంటు కలిపేలోగా గరిటెతో అందినన్ని తోకకప్పలను బకెట్లోకి తోడారు. కింద కొందరు ఫోన్లలో చిత్రీకరిస్తూ నవ్వారు. గబ్బిలాలు అందలేదు. సిమెంటు పడింది.

తర్వాతి తనిఖీలో దోమపిల్లలు బయటపడింది భోజనశాల ముందరి అలంకార కొలనులో. అది భీమేశ్వరరావు గారు ముచ్చటపడి కట్టించినది. క్షమాపణ ఎవరూ చెప్పలేదు సరికదా, ఎదురు మాట్లాడారన్న నెపంతో శివశంకర్ గారిని పార్కింగ్ పాసుల విభాగానికి బదిలీ చేశారు. చింతచెట్టు నిలువునా ఎండింది. ఆ ఏడే సంస్థకు పచ్చదన పురస్కారం లభించగా, వేదికపై భీమేశ్వరరావు గారు అందుకున్నారు.

పాప కోలుకున్నాక యశస్విని గారు మిఠాయితో పార్కింగ్ గదికి వెళ్లారు.

“పాప మంచిగున్నది గద, గదే చాలమ్మా,” అన్నారు శివశంకర్ గారు. మిఠాయి పొట్లం బల్ల మీద పెట్టి, “సిమెంటు పోసినంక గూడ లోపల గబ్బిలాల చప్పుడు ఇనబడ్డది. ఎవ్వలకు చెప్పాలె?” అన్నారు.



ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శ్రీ శివశంకర్ గారు సతీమణి కళ్యాణి గారితో కలిసి ఆయురారోగ్యాలతో నిండుగా జీవించాలని, ఒక చిన్న ప్రాణిని కాపాడుకోవడానికి ఇకపై ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడే అగత్యం వారికి రాకూడదని మనసారా కోరుకుందాం.