పలకలు వంచే రాగం

"అవ్వా, ఈ చిన్న పడవలు చేసేటప్పుడు నువ్వు ఏ పాటలు వింటావు? చెప్పు, ఫోన్లో రికార్డు చేసుకుంటా."

ఏ పాటలా? ఓసోసి, అడిగి అడిగి అదే అడిగినావా నువ్వు! ఉండు, ఈ జిగురు ఆరిందాకా ఈ ముక్క ఒత్తి పట్టుకోవాల, చెయ్యి వదల్లేను. ఫోను ఆ బియ్యం డబ్బాకి ఆనించు. ఆఁ, అట్టా. నా మొకం కూడా పడతాదా? పడితే పడనీలే. జుట్టు సరిగ్గా ఉండాదా?

పాట గురించి చెప్పాలంటే ముందు పడవ గురించి చెప్పాల. ఇది బొమ్మ కాదు, విన్నావా. బొమ్మ అంటే మా నాయనకి బో కోపం వచ్చేది. అడుక్కి అంగుళం లెక్క ఇది. ఒడ్డున ముప్పై అడుగుల పడవ ఉంటే నా కాడ ముప్పై అంగుళాలు. ముక్కు ఎంత పైకి లేచిందో, పక్కనుండే చెక్క పలక ఎంత వంగిందో, అంతా అదే లెక్క. మా నాయన ఈ జువ్వలదిన్నె ఒడ్డునే పడవలు కట్టేవాడు. కట్టే పడవ మీద ఆడపిల్లని కాలు పెట్టనిచ్చేవాళ్ళు కాదు అప్పట్లో. నేనేమో ఆ నీడన కూచోని, కింద రాలిన ముక్కలు ఏరుకోని, పైన నాయన ఏం చేస్తే కింద నేను అదే చేసేదాన్ని. ఆయన పెద్ద పలక వంచితే నేను చిన్న పలక వంచేదాన్ని. ఇప్పుడు చెక్క పడవలు యాడుండాయి? అంతా ఫైబరే గదా. నా కాడ ఉండేటివే మిగిలినాయి.

అప్పుడు నాకు పాట అంటే సముద్రమే. అల వచ్చేదానికీ పోయేదానికీ మధ్యలో నాయన ఉలి దెబ్బ. దాంతోనే నా చేతులు ఆడేవి. అలవాటయిపోయింది.

మీ తాత పోయినాక మీ మామ శీనయ్య నన్ను వెంకటాచలం తీసుకుపోయినాడు గదా. ఆడ కంపెనీలో పని వాడికి. అద్దె ఇల్లు, రోడ్డుకి దగ్గర. వాడు మంచోడే, నేను కాదన్లేదు. ఒక్కదాన్నీ ఈడ ఉంటే వాడికి నిద్ర పట్టేది కాదు. కానీ ఆడ అల సద్దు లేదబ్బా! పడవ పని ముందర పెట్టుకోని కూచుంటానా, చెయ్యి కదలదు. లారీలేమో బర్రుమని పోతా ఉంటాయి. రేడియో పెట్టుకున్నా. పాట బాగానే వస్తా ఉంటాది, పలక మెల్లిగా వంగతా ఉంటాది, ఠక్కున సబ్బు ప్రకటన! అదిరిపడి బ్లేడు వేలి మీద పడేది. మీ అత్త ఫోన్లో పాటలు పెట్టింది. ఆ దూకుడు పాటలకి పలక వంచితే పుటుక్కున ఇరిగిపోయేది. పోబ్బా, ఇంక నాకు ఈ పని రాసిపెట్టలేదు అనుకోని అన్నీ గోతాంలో కట్టి మంచం కిందికి తోసేసినా.

అప్పుడు వచ్చినాడు ఆయన, పక్కింట్లోకి. నవ్వొద్దు! నువ్వు నవ్వితే నాకూ నవ్వొస్తాది, చెయ్యి కదులుతాది, జిగురు ఊడతాది.

పేరు చెప్పకూడదంటారు గానీ నేను చెప్తా, మునస్వామి. నాదస్వరం వాయించేవాడు. గుళ్ళల్లో, పెళ్ళిళ్ళల్లో వాయించి వాయించి, భార్య పోయినాక, పిలకాయలు లేరు కాబట్టి, చెల్లెలి కొడుకు ఇంటికి వచ్చి చేరినాడు. మా పెరటికీ వాళ్ళ పెరటికీ నడుమ ఒక గోడ. పొద్దున్నే కాఫీ తాగి గోడవతల కూచోని వాయించేవాడు. మొదటిరోజు నేను అంట్లు తోముతా ఉండా. మెల్లిగా ఎత్తుకున్నాడు. ఎట్టా చెప్పాలబ్బా... అల ఒకటి దూరం నించి లేచి, వచ్చి, వచ్చి, ఇసక మీద పరుచుకుంటాది చూడు, అట్టా ఉండాది. నా చేతిలో గిన్నె ఉండాది, చెయ్యేమో పలక వంచినట్టు వంచతా ఉండాది! గిన్నె ఆడనే పడేసి, మంచం కింద గోతాం లాగినా.

ఆరోజు నించీ అంతే. ఆయనకి తెలీదు, నాకు తెలుసు. నాకు రాగాల పేర్లు ఏం తెలుసు? నేనే పెట్టుకున్నా పేర్లు. పలకలు వంచే రాగం ఒకటి. నున్నగా రుద్దే రాగం ఒకటి. గుర్రం దౌడు తీసినట్టు వాయిస్తాడే, అది చీలలు కొట్టేది. కోడలు పనికి పోయినాక నేనూ నా పడవా గోడవతల నాదస్వరం. ఆకలి గూడా తెలిసేది కాదు.

ఒకనాడు ఏమైందంటే, తెరచాప కొయ్య నిలబెడతా ఉండా. అది నిటారుగా నిలబడాల, జిగురు ఆరిందాకా ఊపిరి బిగబట్టి పట్టుకోవాల. ఆయన రాగంలో బో పైకి పోయినాడు, పైన ఒక స్వరం పట్టుకోని అట్టే నిలబెట్టినాడు. నేనూ కొయ్య అట్టే నిలబెట్టినా. ఉన్నట్టుండి ఆపేసినాడు! నా చెయ్యి తప్పింది, కొయ్య వంకర పోయింది. నాకు ఒళ్ళు మండింది. ముందూ వెనకా చూడకుండా స్టూలెక్కి గోడ మీంచి అరిచినా.

"ఏమయ్యా, సగంలో ఆపేస్తే ఎట్టా? నా కొయ్య వంకర పోయింది!"

పాపం ఆయన పాలవాడితో మాట్లాడతా ఉండాడు. బిత్తరపోయి చూసినాడు. "ఏం కొయ్యమ్మా?"

"తెరచాప కొయ్య!"

"వెంకటాచలంలో తెరచాప ఏందమ్మా?"

పాలవాడు నవ్వినాడు. ఆయన నవ్వలేదు. చుట్టూ తిరిగి వచ్చి, వాకిట్లో చెప్పులు విడిచి, పడవ చూసినాడు. చానాసేపు చూసినాడు. తాకలేదు. "నా వాయిద్యం వింటా చేసినారా ఇదంతా?" అన్నాడు. ఔనన్నా. "ఇన్నేళ్ళు పెళ్ళిళ్ళల్లో వాయించినా, భోజనాల కాడికి పోయే తొందరలో వినేవాళ్ళే తక్కువ" అన్నాడు. నేను కాఫీ పెడతానన్నా. పంచదారకి బదులు ఉప్పు వేసినా. తాగినాడు! ఒక్క మాట అనకుండా తాగినాడు, మహానుభావుడు.

ఇంక అప్పట్నించీ గోడ మీద మాటలే. "ఈరోజు ఏం పనమ్మా?" "పలకలు." వాయించేవాడు. "ఇప్పుడు?" "రుద్దేది." మార్చేవాడు. నా పేర్లే ఆయనకి అలవాటయినాయి.

అప్పుడు నాకొక బుద్ధి పుట్టింది. పెళ్ళి పడవ ఒకటి చెయ్యాల, ముందర ముక్కు కాడ మేళం కూచోవాల, ఆయన మాదిరే. మరి కొలతలు కావాల గదా. టేపు తీసుకోని నాదస్వరం కొలిచినా, రెండున్నర అడుగులు. అంటే నాకు రెండున్నర అంగుళాలు. "మరి నా కొలతలు వద్దా?" అన్నాడు. నిలబెట్టి కొలిచినా. భుజాల కాడ కొలుస్తా ఉంటే ఆయన ఊపిరి బిగబట్టినాడు. నాకు నవ్వొచ్చింది, ఆయనకీ వచ్చింది, టేపు జారి ఇద్దరి కాళ్ళకీ చుట్టుకుంది. సరిగ్గా అప్పుడే మీ మామ ఇంట్లోకి వచ్చినాడు.

వాడి మొకం చూడాల నువ్వు! ఆయన ఇంటికి పోయినాక ఎత్తుకున్నాడు. "ఈ వయసులో మొగోడి భుజాలు కొలవడమేందమ్మా? మనమేంది, మేళమోళ్ళేంది? ఊరికి తెలిస్తే నా మొకం యాడ పెట్టుకునేది?" అన్నాడు. నేనేం తప్పు చేసినానని? అయినా టేపు చుట్టి లోపల పెట్టేసినా. కొడుకు గదా.

తెల్లారింది. గోడవతల సద్దు లేదు. మరుసటిరోజూ లేదు. ఆ మరుసటిరోజూ లేదు. పెరట్లోకి వచ్చేవాడే కాదు. నాకు అర్థమైపోయింది, శీనయ్య పోయి ఏదో అనుంటాడని. అన్నం దిగదు. పడవ పక్కటెముకలు బయటపెట్టుకోని సగంలో ఆగిపోయింది. ఇల్లంతా లారీల మోతే. మీ తాత పోయినప్పుడు ఏడ్చినా గదా, అప్పుడు ఏడ్చేదానికి నాకు హక్కుండాది. ఇప్పుడు ఏమని ఏడవాల, ఎవరికి చెప్పాల? మీ అమ్మకి ఒక్కదానికే ఫోను చేసినా. అది చెప్పిందంతా విని, "అమ్మా, నీకు ఆయన కావాల్నా, నాదస్వరం కావాల్నా?" అని అడిగింది. "రెండూ" అని నా నోట్లోంచి వచ్చేసింది. నాకే సిగ్గేసి ఫోను పెట్టేసినా.

ఆ ఆదివారం మీ మామని పెరట్లోనే నిలదీసినా. "ఏమన్నావురా ఆయన్ని?"

"నేనేమన్నా? నేనసలు మాట్లాడనే లేదు."

"అబద్ధాలు చెప్పొద్దు! నువ్వు అనకపోతే ఆయనెందుకు ఆపతాడు?"

"ఆపితే ఆపినాడు. నీకెందుకమ్మా అంత బాధ?"

నాకు ఏం పూనిందో ఏమో! "ఎందుకంటే నేను ఆయన్ని పెళ్ళి చేసుకుంటా కాబట్టి!" అని అరిచేసినా.

ఆయన అడగలేదు, నేను అడగలేదు, అసలు ఆ మాటే ఎవరూ ఎత్తలేదు! మీ అత్త చేతిలో బట్టల బకెట్టు కింద పడింది. అప్పుడు గోడవతల నించి ఒక తల మెల్లిగా లేచింది. ఆయనే! నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకోని ఉండాడు. నన్ను చూసినాడు, మీ మామని చూసినాడు, గుడ్డ తీసినాడు.

"థరే" అన్నాడు.

ముందర పళ్ళు లేవే! సరే అనబోతే థరే అని వచ్చింది. పళ్ళు కదిలిపోయి ఊడినాయంట, పళ్ళు లేకపోతే నాదస్వరం పీక నోట్లో నిలవదు, గాలంతా పక్కల నించి పోతాది. వాయించలేడు, ఆ నోరు నాకు చూపించలేడు, అందుకని లోపల దాక్కున్నాడు! మీ మామ పాపం నిజంగా ఏమీ అన్లేదు. నేను ఏడస్తా నవ్వినా, నవ్వతా ఏడ్చినా. స్టూలు మీద కూచుండిపోయినా.

నెల్లూరులో రిజిస్టరు ఆఫీసులో పెళ్ళి. మీ అమ్మే సాక్షి సంతకం పెట్టింది. నువ్వు పరీక్షలని రాలేదు, ఆ కోపం నాకు ఇంకా ఉండాది. ఆయన శిష్యులు డోళ్ళూ నాదస్వరాలూ పట్టుకోని మెట్ల మీదే మొదలుపెట్టినారు. ఆటోవాళ్ళు ఎగిరినారు, ఎవరో జడ్జీగారు గూడా ఆగి చూసినారంట. పెళ్ళికొడుకేమో నోరు మూసుకోని నవ్వతా ఉండాడు, ఫోటోలన్నిట్లో బుగ్గలు పూరీల మాదిరి ఉంటాయి చూడు.

మీ మామ రాలేదు. మేము ఈడికి, జువ్వలదిన్నెకి వచ్చేసినాం. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. మొదటిరోజు ఊదితే ఫుస్సుమని గాలి. రెండోరోజు పళ్ళే ఎగిరి ఒళ్ళో పడినాయి. నేను నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నా, ఆయనా నవ్వినాడు గానీ రాత్రికి నాదస్వరం గుడ్డలో చుట్టి పక్కన పెట్టేసినాడు. మళ్ళీ స్వరం పలికేదానికి నెలలు పట్టింది. ఇప్పటికీ పైకి పోతే కొంచెం ఈల కలుస్తాది. ఆ ఈల ఉంటేనే నాకు బాగుంటాది, ఆయనతో చెప్పొద్దు.

ఒకరోజు చెప్పాపెట్టకుండా మీ మామ దిగినాడు. ఆయన లోపల వాయిస్తా ఉండాడు, నేను ఈడ పలక వంచతా ఉండా. వాడు నా పక్కన కూచోని పలక రెండోకొస పట్టుకున్నాడు. పాట అయిందాకా వదల్లేదు. పోతా పోతా, "ఆయన దగ్గు బాగాలేదమ్మా. సోమవారం వస్తా, ఆస్పత్రికి తీసుకుపోతా" అన్నాడు. ఇంకేం కావాల నాకు?

అదో... విన్నావా? ఎత్తుకున్నాడు. ఇది నాలుగురోజుల నించీ వాయిస్తా ఉండాడు. ఇది పలకలది కాదు, రుద్దేది కాదు, చీలలదీ కాదు. ఏ పనికని అడిగితే "ఏ పనికీ కాదు, ఊరికే విను" అంటాడు. నాకేమో ఊరికే కూచోని వినేది ఎప్పుడు అలవాటు? ఈ చేతులు ఏం చేసుకోవాల నేను? చూడు, ఒళ్ళో పెట్టుకున్నా, ఎట్టా పడుండాయో సిగ్గులేకుండా! జిగురా? ఆరిందిలే, ఆరకపోతే రేపు చూసుకుందాం.

చల్లగా ఉండు తల్లీ. కడుపు నిండా నవ్వే రోజులు బోలెడు రావాల నీకు. ఆ, ఇంకేం మాట్లాడొద్దు, ఈడ... ఈడే... అబ్బ, ఈ మలుపు విను...