పైవాటా ఖాళీ అనే రాశాను

అబద్ధం రాశానని ఎంత తేలిగ్గా అనేశారు సారూ. పదేళ్లుగా పైవాటా అద్దెకిస్తున్నాను, ఒక్క ఏడాదైనా పన్ను ఎగ్గొట్టానా? మరమ్మతులకని అద్దెలో మూడో వంతు మినహాయింపు ఇస్తారు కదా మీరు. పైపులన్నీ పగిలిన ఏడాది దానికి రెట్టింపు ఖర్చయింది. అయినా నోరు మూసుకుని మూడో వంతే రాసుకున్నాను. అప్పుడు రాలేదేం మీ ఆఫీసువాళ్లు, శభాష్ అనడానికి?

కూర్చోండి. ఆ కుర్చీలో వద్దు, దానికో కాలు కుంటి. ఇటు రండి.

ఖాళీ ఇంటికి సగం పన్నే కదా, ఆ కక్కుర్తితో రాసిందనుకుంటున్నారు. కరెంటు మీటరు కాగితం తెచ్చి నా మొహాన పెట్టారు. ఖాళీ ఇంట్లో ఫ్యాను ఎవరు తిప్పుతున్నారమ్మా, దయ్యాలా అంటున్నారు. వెటకారం బాగానే వచ్చు మీకు. ముప్పై ఏళ్లు కుట్టు మిషను తొక్కి ఈ ఇల్లు నిలబెట్టుకున్నదాన్ని, వెటకారానికి బెదిరేదాన్ని కాదు.

పైకేం చూస్తారు, కుళాయి చప్పుడది. అవును, మనిషి ఉంది. ఆరు నెలలుగా ఉంది. అద్దెంటారా, పైసా తీసుకోలేదు.

ఏమిటీ? ఇంటిమనిషి ఊరికే ఉంటే తప్పు కాదా? ఫారం మార్చి, పేరూ బంధుత్వమూ రాసి సంతకం పెడితే పన్ను మొత్తం మాఫీయా? జరిమానా కూడా ఉండదా? అడక్కుండానే వరమిచ్చారు, చల్లగా ఉండండి. నాకు మాత్రం అక్కర్లేదు.

పిచ్చిదాన్నేం కాదు, వినండి. ఈ ఇల్లు నా ఒక్కదాని పేరున లేదు. ఆయన పోయాక నాకూ నా కొడుక్కీ కలిపి రాశారు. ఏటా ఫారం నింపేది వాడే. మీ ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా ఒక నకలు వాడికి పోతుంది. ఈసారి పైన ఖాళీ అని నేను చెప్పాను, వాడు నింపాడు, సంతకం నేను పెట్టాను.

పైనున్నది వాడి పెళ్లాం సారూ. నా కోడలు. చెయ్యి విరగ్గొట్టాడు నా కొడుకు. కట్టు కట్టించుకుని తిన్నగా నా గుమ్మంలోకే వచ్చింది. అప్పట్నుంచీ ఎక్కడెక్కడో వెతుకుతున్నాడు వాడు. కన్నతల్లి దాస్తుందని కలలో కూడా అనుకోడు.

సోమవారం ఆ పిల్ల వేరే ఊళ్లో పనిలో చేరుతోంది. మీ కాగితంలో దాని పేరు కనబడిందంటే వాడు నా పీక మీద కూర్చుని ఆ ఊరేదో కక్కిస్తాడు. నేను గట్టిదాన్నే, కానీ వాడి చేతులు నాకు తెలుసు. భయంగానే ఉంది, దాచడమెందుకు?

అందుకని ఇలా రాయండి. ఇంట్లో మనిషి ఉంది, ఎవరో యజమానురాలు చెప్పనంది. అద్దెకిచ్చి దాచిందనే లెక్క వేసుకోండి. ఈ వీధిలో నడుస్తున్న అద్దె మీద పూర్తి పన్ను వేయండి, పైన జరిమానా వేయండి. ముసల్ది నాకు తెలియకుండా అద్దె మింగిందని తిట్టుకుంటాడు వాడు. తిట్టుకోనివ్వండి. కొడుకు దగ్గర దొంగననిపించుకుంటే నాకేం పోయింది?

జాలిగా చూడకండి, నాకు పడదు. నేనేదో పుణ్యాత్మురాలినని కూడా అనుకోకండి.

మూడేళ్ల కిందట చెంప వాచిపోయి ఇలాగే వచ్చింది ఆ పిల్ల. మగాడన్నాక ఒకోసారి చెయ్యి జారుతుంది, సర్దుకుపోవాలమ్మా అన్నాను. రిక్షా పిలిచి, ఎక్కించి, వాడింటికే పంపించాను. నేనే పంపించాను సారూ.

దానికి మీ ఫారంలో గడి లేదు. ఉన్నదానికైనా కట్టనివ్వండి. ఎంతయిందో చెప్పండి.